ఒడ్డు లేనిది

ఆల్విన్ బ్రాంట్ అనే అతను నెబ్రాస్కా నుంచి మా ఇంటికి వస్తున్నాడని మా లెటీ చెప్పినప్పటి నుంచి నాకు తిండి సయించడం మానేసింది. లెటీ అతన్ని ఎన్నడూ చూడలేదు. అతనూ లెటీని చూడలేదు. ఉత్తరాలు రాసుకుంటున్నారు, అంతే. ఉత్తరాల్లో మనిషి ఎంత మంచివాడిగానైనా ఉండొచ్చు. కాగితం మీద ఎవరి చెయ్యీ పైకి లేవదు కదా.

పైగా అతను రాసే కథలు నేను చదివాను. లెటీ ఆ పత్రికల అట్టలు కనబడకుండా పాత పేపరు చుట్టి పెట్టుకుంటుంది కానీ, ఇల్లు ఊడ్చేది నేనే. అతని కథల్లో ఒక రైతు బావిలోకి తొంగి చూస్తాడు. చూసినవాడు మళ్ళీ భోజనానికి రాడు. ఇంకో కథలో ఒక బడిపంతులు గోధుమ చేలో నడుస్తూ నేల అడుగున ఏదో పక్కకి ఒత్తిగిల్లడం విని, బూట్లు అక్కడే వదిలేసి వెళ్ళిపోతాడు. ఇలాంటివి ఊహించగలిగినవాడు మా వంటింట్లో కూర్చుంటే ఇంకేమేమి ఊహిస్తాడోనని నా బెంగ. మా అమ్మాయి కూడా సరిగ్గా అలాంటివే రాస్తుందన్న సంగతి నేను పక్కన పెట్టేశాను. తల్లికి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి.

లెటీ ఉప్పుచేపల కంపెనీ ఆఫీసులో టైపు చేస్తుంది. పగలంతా చేపల లెక్కలు కొట్టిన వేళ్ళతోనే సాయంత్రం కథలు కొడుతుంది. పేరు ఎల్. టార్ అని వేసుకుంటుంది, చదివేవాళ్ళు మగవాడనుకోవాలని. అలా రాసేవాళ్ళు దేశమంతటా చెదిరి కొందరున్నారు. ఆల్విన్ ధాన్యం గిడ్డంగిలో గుమాస్తా. మిల్వాకీలో మిస్ ఓటిలీ కెర్న్ అని ఒకావిడ, లైబ్రరీలో పని, వయసులో నాకంటే పెద్ద. కాలిఫోర్నియాలో ఒక పళ్ళ డాక్టరు. ఒకరినొకరు కలుసుకున్నది లేదు. కానీ వీళ్ళందరి కథల్లోనూ ఉండేది ఒకటే. దాని పేరు ఒడ్డు లేనిది.

అది అన్నిటికీ అడుగున ఉంటుందట. మా దగ్గర సముద్రం కింద, ఆల్విన్ దగ్గర బావుల కింద, మిస్ కెర్న్ దగ్గర గడ్డకట్టిన సరస్సు కింద. దానికి మొదలు లేదు, అంచు లేదు, కళ్ళు లేవు. మనం ఉన్నామని దానికి తెలియదు. దాన్ని మొదట ఎవరు పుట్టించారంటే మాత్రం మిస్ కెర్న్ తనే అంటుంది, డాక్టరు తనే అంటాడు. కానీ వాడుకోవడంలో పేచీ లేదు. ఒకళ్ళు కథలో ఒక ఇల్లు కడితే ఇంకొకళ్ళు వచ్చి అందులో దీపం పెడతారు. ఒకళ్ళు ఎక్కడా లేని ఒక పాత గ్రంథానికి పేరు పెడితే ఇంకొకళ్ళు అందులోంచి నాలుగు వాక్యాలు చదివి వినిపిస్తారు. మా వీధిలో ఆడవాళ్ళు పంచదార ఇచ్చిపుచ్చుకున్నట్టు.

మిస్ కెర్న్ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఒడ్డు లేనిదానికి కోపం వచ్చిందనీ, అది ఫలానావాళ్ళని కోరిందనీ ఎవరూ రాయకూడదు. డాక్టరు మాటిమాటికీ ఆ కట్టుబాటు తప్పుతాడు. అతని కథల్లో అది మనుషుల్ని నమిలి తింటుంది. ఏ పన్నుతో నమిలిందో కూడా రాస్తాడు. మిస్ కెర్న్ కొన్నాళ్ళు అతనికి ఉత్తరాలు మానేస్తుంది. తరవాత మళ్ళీ మామూలే.

నాకది ఎప్పుడూ తలకెక్కలేదు. కోపం లేనిదాన్ని చూసి భయమెందుకు? ప్రమాదానికి కళ్ళుంటాయనే నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అనుకుంటున్నాను. సందులోంచి దూరే చలిగాలి, మెట్టు మీది మంచు, గొంతులో చేపముల్లు, బజారులో బెదిరిన గుర్రం, ఇవన్నీ పిల్లలున్న ఇళ్ళు వెతుక్కుంటూ తిరుగుతాయి. మా ఇల్లు ఎక్కడో వాటికి బాగా తెలుసు. నేను గుమ్మంలో కాపలా ఉన్నంతసేపూ అవి పక్కింటికి పోతాయి. మా ఆయన న్యుమోనియాతో పోయాక ఈ నమ్మకం నాలో ఇంకా గట్టిపడింది కానీ సడలలేదు.

ఎబెన్ సంగతి కూడా చెప్పాలి. మా పెద్దవాడు. 'మార్తా ఎలెన్' అనే ఓడ మీద, బ్యాంకులు అని పిలిచే నడిసముద్రపు మెరకల దగ్గరికి చేపల వేటకి వెళ్ళేవాడు. ఓడ ఒకచోట ఆగుతుంది, ఇద్దరిద్దరు చొప్పున డోరీ పడవల్లో దిగి గాలాల తాళ్ళు లాగుతారు. వాడూ, జోక్విమ్ అనే పోర్చుగీసు కుర్రాడూ ఒక డోరీ. ఆ రోజు పొగమంచు దిగింది. ఓడ మీది నుంచి కొమ్ము ఊదారు, తుపాకీ పేల్చారు, సాయంత్రం దాకా చూశారు. మిగతా డోరీలన్నీ వచ్చాయి. వాళ్ళది రాలేదు. ఎవరికైనా తెలిసింది ఇంతే.

ఆల్విన్ వచ్చేనాటికి అది జరిగి మూడో వేసవి నడుస్తోంది. కానీ మా గ్లౌస్టర్‌లో దారి తప్పిన డోరీ అంటే పోయిన డోరీ అని కాదు. ఏ స్టీమరో ఎక్కించుకుని, పేరు కూడా నోరు తిరగని రేవులో దింపేస్తే, ఆర్నెల్లకి తిరిగొచ్చి వంటింట్లో టోపీ తీసినవాళ్ళున్నారు. అలాంటివాడు మా వెనక వీధిలోనే ఉన్నాడు, వాడికి ఇప్పుడు మనవలు. అందుకే ఏటా ఆగస్టులో సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు చదివి, ఆటు నీళ్ళలో పూలు వదిలే రోజున ఎబెన్ పేరు చదవనివ్వలేదు నేను. పేరు అడగడానికి వచ్చిన పెద్దమనిషికి కాఫీ ఇచ్చి పంపించాను, పేరు ఇవ్వలేదు. జోక్విమ్ తల్లి కొండ మీద వాళ్ళ చర్చిలో మొదటి ఏడే ప్రార్థన చేయించి నల్లబట్టలు వేసుకుంది. నేను బజారులో ఆవిడ ఎదురైతే తల తిప్పుకునేదాన్ని, ఆవిడే కొడుకుని నీళ్ళలోకి తోసినట్టు.

ఇది మా ఇంటి పరిస్థితి. ఇందులోకి ఆల్విన్ వచ్చాడు.

చూస్తే సన్నగా, మెడ ఎండకి కాలి, చేతులకి పొట్టయిన కోటుతో ఉన్నాడు. వాళ్ళమ్మ పంపిందని ప్లమ్ పళ్ళ జామ్ సీసా చేతిలో పెట్టాడు. ఏం కలిపారో అని దాన్ని అలమార వెనక్కి నెట్టాను. నేను పొయ్యి వైపు తిరిగేసరికి లెటీ తీసి రొట్టెకి రాసుకుని తినేసింది. ఆ పూటంతా దాని మొహం రంగు చూస్తూ కూర్చున్నాను.

భోజనానికి హ్యాడక్ చేప, బంగాళాదుంపలు, పాలు పోసి చౌడర్ అనే చిక్కటి చారు కాచాను. అతను సముద్రపు చేప తినడం అదే మొదలట. ప్రతి చెంచాకీ ముళ్ళు చూసుకో నాయనా అని హెచ్చరిస్తూనే ఉన్నాను. రెండో గిన్నె అయ్యాక అతను మూతి తుడుచుకుని, కుర్చీలో సర్దుకుని, చర్చిలో మాట్లాడినట్టు నెమ్మదిగా అన్నాడు.

"మిసెస్ టార్, మిమ్మల్ని ఒక మాట అడగాలండీ. ఉత్తరంలో అడగడం మర్యాద కాదని ఇంత దూరం వచ్చాను. మీరు ఒప్పుకుంటే, చలికాలం లోపు లెటీని చంపేద్దామనుకుంటున్నాను."

రొట్టె కోసే కత్తి నా చేతికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. లెటీ నవ్వి నవ్వి, పాలు ముక్కులోకెక్కి దగ్గింది.

"కత్తి కింద పెట్టమ్మా. కథలో చంపుతాడట, కథలో."

వాళ్ళలో అదొక ఆచారమట. ఒకరి కథలో ఇంకొకరు చావడం గొప్ప గౌరవం. పేరు కాస్త మార్చి, చూడగానే మిగతావాళ్ళు గుర్తుపట్టేలా రాసి, ఒడ్డు లేనిదాని దగ్గరికి పంపేస్తారు. కానీ చచ్చేవాళ్ళ అనుమతి లేకుండా చంపకూడదు. ఇరవై ఒకటి నిండనివాళ్ళయితే ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతి కావాలి. ఇది కూడా మిస్ కెర్న్ పెట్టిందే. లెటీకి పందొమ్మిది.

"నేను చాలాసార్లు పోయానండీ" అన్నాడు ఆల్విన్, ఉద్యోగాలు చెప్పుకున్నట్టు. "డాక్టరు గారు నన్ను నమిలేశారు. మిస్ కెర్న్ అయితే మంచులో పంపింది, చాలా మర్యాదగా. అది చదవండి, బాగుంటుంది."

వాళ్ళమ్మ చదివిందా అని అడిగాను. చదివిందట. చదివి, ఆ రాత్రి లేచి వచ్చి అతను ఊపిరి పీలుస్తున్నాడో లేదో చెయ్యి పెట్టి చూసుకుందట. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. జామ్ కూడా కొంచెం తిన్నాను.

అయినా నా పిల్లని మాత్రం చంపొద్దని చెప్పాను. అంత అవసరమైతే వాళ్ళ గిడ్డంగి యజమానిని చంపుకోమన్నాను. అతను వాదించలేదు, సరేనండీ అని తలూపాడు. నాకు మనసు తేలికపడింది. గిన్నెలు తీయబోతుంటే అతను, నన్ను సంతోషపెట్టాలనే అనుకుంటాను, ఇంకో మాట అన్నాడు. "మీ అబ్బాయి విషయంలో మీరు ఒప్పుకున్నారు, అదే చాలా పెద్ద సంగతండీ. మిస్ కెర్న్ ఉత్తరం చదివి ఏడ్చిందట."

లెటీ చెంచా బల్ల మీద పెట్టేసింది. దాని మొహం చూసి ఆల్విన్‌కి తన పొరపాటు అర్థమైంది. అడుగుతానని లెటీ వాళ్ళకి రాసిందట. అడిగేసిందని అతను అనుకున్నాడు. వాళ్ళ ఆచారంలో అడగనిదే కథ గురించి మాట్లాడుకోరు కాబట్టి అలా అనుకున్నాడు.

"ఏ అబ్బాయి సంగతి?" అన్నాను. ఉన్నది ఒక్కడే అయినా అలా అడిగాను.

"ఎబెన్‌ని రాశానమ్మా" అంది లెటీ. "అంతా రాశాను, చివర తప్ప. వాణ్ణి అడగడానికి లేదు. నువ్వు ఊఁ అంటేనే ముగిస్తాను. లేకపోతే పొయ్యిలో పెట్టేస్తాను."

"వాడు పోయాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళు లేకనే కదా ఇలా ఉన్నాం మనం."

నేను పెరట్లోకి వెళ్ళి ఆరేసిన బట్టలు తీసుకొచ్చాను. అవి ఇంకా తడిగానే ఉన్నాయి. అయినా తీసుకొచ్చి మడతపెట్టాను.

మర్నాడు లెటీ ఆఫీసుకి వెళ్ళాక, సముద్రం చూపిస్తారా అని ఆల్విన్ నన్నే అడిగాడు. ఒంటరిగా పంపితే ఏ రాయి మీద జారతాడోనని తీసుకెళ్ళాను. బండల మీద నల్లగా ఉన్నచోట అడుగు పెట్టొద్దనీ, కెరటానికి వీపు తిప్పొద్దనీ చెప్పాను. చెప్పినట్టే నిలబడ్డాడు. సముద్రం గురించి ఎన్ని కథలు చదివాడో, చూడడం ఇదే మొదలు.

"అవతల గట్టు కనబడదేమిటండీ" అన్నాడు.

అవతల పోర్చుగల్ ఉంది, అది ఉన్నచోటనే ఉంది, కంగారు పడకు అన్నాను. నవ్వాడు. తరవాత, క్రితం రాత్రి సంగతికి క్షమాపణ చెప్పుకున్నాడు. దూరంగా, నీళ్ళ అంచున, బూడిదరంగు గోడలా పొగమంచు నిలబడి ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. ఆ కళ్ళు లేనిదాన్ని మీరందరూ ఎందుకు పట్టుకుని వేళ్ళాడతారని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

అతను దుమ్ము గురించి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో పగలు చీకటి కమ్మేలా దుమ్ము లేచి, చేలు పోయి, పశువులు ఊపిరితిత్తుల్లో మన్ను నిండి చచ్చాయట. పాదిరి అది పాపానికి శిక్ష అన్నాడట. వాళ్ళ నాన్న అది నమ్మాడు. తను చేసిన పాపం ఏదో తెలుసుకోవాలని కుర్చీలో కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టి, దుమ్ము ఆగినా ఆయన మాత్రం లేవలేదట. నాన్నకి ఏ పాపమూ దొరకలేదు, అందుకని ఇంకా పెద్దది ఏదో ఉండి ఉంటుందని వెతుకుతూనే ఉన్నాడట.

"అప్పుడే మిస్ కెర్న్ కథ ఒకటి చదివానండీ. దానికి మనం తెలియదు అని ఉంది అందులో. భయమేసింది. కానీ ఆ రోజు చాన్నాళ్ళకి నాకు ఆకలి కూడా వేసింది. దుమ్ముకి మా మీద కోపం లేదు, అంతే. అది లేచింది."

నాకు కోపం వచ్చింది. దెయ్యం తీసుకెళ్ళిందంటే కనీసం నా కొడుకుని చూసి తీసుకెళ్ళిందనుకుంటాను, వాడిలో ఏదో నచ్చి తీసుకెళ్ళిందనుకుంటాను, ఎవరూ చూడకుండా పోయాడంటే నేనెలా ఓర్చుకునేది అన్నాను. మా నాన్న కూడా సరిగ్గా ఇదే అన్నాడండీ అన్నాడు ఆల్విన్. నన్ను ఒప్పించే ప్రయత్నం ఏమీ చేయలేదు. చేసి ఉంటే బహుశా నేను మొండికేసి ఉండేదాన్ని.

ఇంటికొచ్చి దుంపలు చెక్కు తీస్తూ ఆ మాటలే తిప్పుకున్నాను. నాలో కూడా ఒక కుర్చీ ఉందనీ, నేను కూడా అందులోంచి లేవలేదనీ తెలుస్తూనే ఉంది. పొగమంచు నా గుమ్మం వెతుక్కుంటూ వచ్చిందని నేను ఎన్నడూ బయటికి అనలేదు కానీ, అది ఏ దారిన వచ్చిందో, నేను ఏ తలుపు వేయడం మరిచానో అని లోపల వెతకని రోజు లేదు. అది ఎక్కడి నుంచీ రాలేదు, ఎవరికోసమూ రాలేదు అనుకుని చూశాను. ఇన్నేళ్ళ నా కాపలా ఎవరూ చూడలేదన్నమాట. కాపలాకి భయపడి పక్కింటికి పోయింది ఏదీ లేదన్నమాట. ఇది నా భయాలన్నిటిలోకీ పెద్దది. కానీ మిగతా భయాల్లా ఇది నన్ను ఏ పనీ చేయమనలేదు. లేచి తలుపు గడియ చూడమనలేదు. దుంపలు చెక్కు తీస్తూ ఉండమంది.

శనివారం లెటీకి మధ్యాహ్నానికే సెలవు. భోజనాలయ్యాక, ఆ కథ చదువు వింటాను అన్నాను. ఆల్విన్ ఏదో గుర్తొచ్చినవాడిలా లేచి పెరట్లోకి వెళ్ళి పుల్లలు కొట్టడం మొదలుపెట్టాడు. జూలై నెలలో మాకు అన్ని పుల్లలు అక్కర్లేదు.

లెటీ చదివింది. నేను భయపడ్డట్టు అందులో అరుపులు లేవు. ఒక డోరీలో ఒక కుర్రాడు పొగమంచులో తెడ్డు వేస్తున్నాడు. ఓడ కొమ్ము ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి వెనక నుంచి, ఒకసారి కింద నుంచి వినిపిస్తుంది. కింద నుంచి వినబడ్డప్పుడు అతను తెడ్డు ఆపి నీళ్ళలోకి చూస్తాడు. పడవ కింద ఏదో వెళ్తూ ఉంటుంది. నల్లగా, నున్నగా, దాని వీపు వెళ్తూనే ఉంటుంది. పొద్దు గుంకి, మళ్ళీ పొద్దు పొడిచినా ఆ వీపు అయిపోదు. మొదట అది తనని ముంచుతుందని భయపడతాడు. తరవాత అది ముంచదనీ, తను ఉన్నట్టు దానికి తెలియదనీ అర్థమై, అంతకంటే ఎక్కువ భయపడతాడు. ఆ తరవాత ఏం చేయాలో తోచక మళ్ళీ తెడ్డు వేస్తాడు. ఎబెన్ వేసినట్టే వేస్తాడు, ఎడమ భుజం కాస్త ముందుకి వంచి.

"ఇక్కడిదాకే" అంది లెటీ.

తరవాత వాడికేమవుతుంది అన్నాను.

"అదే కదమ్మా నిన్ను అడిగేది."

అచ్చయ్యాక ఏమవుతుందో కూడా చెప్పింది. ఒకసారి కథలోకి వచ్చినవాడు అందరివాడు అవుతాడు. ఎవరి కథలోకైనా వెళ్తాడు. బావి దగ్గరికి, సరస్సు దగ్గరికి, కాలిఫోర్నియా కొండల వెనక్కి. ఆ పళ్ళ డాక్టరు మా వాడి మీద చెయ్యి వేయకూడదని వెంటనే చెప్పాను. ఆల్విన్ పుల్లల మోపుతో లోపలికొస్తూ విని, మిస్ కెర్న్ ఒక మాట అంటే చాలు, ఆవిడంటే డాక్టరుకి హడల్ అని ధైర్యం చెప్పాడు. మోపు దింపి, చేతులు దులుపుకుని, నా మొహంలోకి చూశాడు. మంచి మనసున్న కుర్రాడు. ఆ మంచితనంతోనే అన్నాడు.

"మీరు అనండి, నేనే అతన్ని ఒడ్డుకి చేరుస్తానండీ. కథే కదా, మన చేతిలో పని. మా బావిలోంచి పైకొస్తాడు, తడి బట్టలతో. రైలెక్కి ఇంటికొస్తాడు. తలుపు తడతాడు."

నాకు కనిపించింది. కొత్తగా కనిపించడం కాదు, ఈ మూడు వేసవులూ నేను చూస్తున్నదే. తలుపు తెరుచుకోవడం, వాడు తల వంచి లోపలికి రావడం, గడ్డం పెరిగి ఉండడం, ఏముందమ్మా తినడానికి అనడం. ఎంత బాగా చూశానంటే, అతను రాయబోయే ప్రతి మాటా నాకు ముందే వచ్చు. అది అచ్చులో చదివితే నేను ఏం చేస్తానో కూడా నాకు తెలుసు. రోజూ మూడింటి రైలుకి వెళ్ళి నిలబడతాను.

"వద్దు" అన్నాను. "ఎవరూ వాణ్ణి ఇంటికి తీసుకురాకూడదు. ఎవరి కథలోనూ."

అన్నాక విన్నాను నేను ఏమన్నానో. లెటీ నా చెయ్యి పట్టుకుంది. పోయినవాళ్ళ మాట వస్తే టోపీ తీసే అలవాటు కొద్దీ, ఆల్విన్ టోపీ లేకపోయినా తల మీద చెయ్యి పెట్టుకున్నాడు, తీసేదేమైనా ఉందేమోనన్నట్టు.

"అది కట్టుబాటుగా రాసుకో" అన్నాను లెటీతో. "మీ మిస్ కెర్న్‌కి కూడా చెప్పు. వాణ్ణి ఎవరైనా చూడొచ్చు, వినొచ్చు. ముంచడం కానీ, తినడం కానీ, తిరిగి తేవడం కానీ కుదరదు."

"సరేనమ్మా."

"చేతులకేం వేశావు?"

లెటీ కాగితాలు తిరగేసింది. ఏమీ వేయలేదట. నేను కోప్పడ్డాను. వట్టి చేతులతో ఎవరైనా తెడ్డు పడతారా ఆ నీళ్ళ మీద? తెల్ల ఉన్ని తొడుగులు ఉంటాయి, వాటిని సముద్రపు నీళ్ళలో ముంచి పిండి తొడుక్కుంటాడు, తడిసిన ఉన్ని తెడ్డుకి పట్టుంటుంది, గాలి దూరదు, వెచ్చగా ఉంటుంది, ఇవన్నీ చెప్పాను. లెటీ వెంటనే టైపు మిషను ముందు కూర్చుని కొట్టింది. మళ్ళీ చదివించుకుని విన్నాను.

డోరీలో ఇంకొకడు ఉండాలి కదా అని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళ ఆచారం ప్రకారం వాడి తల్లినీ అడగాలి. లెటీ వెళ్తానంది కానీ నేనే వెళ్ళాను. కొండ ఎక్కుతున్నంతసేపూ అనుకున్నాను, ఆవిడ నా మొహం మీద తలుపు వేస్తుందని. వేయలేదు. లోపలికి పిలిచి, వాళ్ళ తీపి రొట్టె కోసి పెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒడ్డు లేనిది అంటే ఏమిటో ఆవిడకి నేను చెప్పలేకపోయాను, నాకే సరిగ్గా తెలియదు. ఇద్దరూ పడవలో ఉంటారు, ఇంటికి రారు, అని మాత్రం చెప్పాను. ఆవిడ నా వైపు చూసి, ఇద్దరినీ ఒకే పడవలో ఉంచుతారా అని అడిగింది. ఉంచుతారన్నాను. అయితే సరే అంది.

ఆల్విన్ సోమవారం వెళ్ళిపోయాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చోవద్దనీ, తెలియనివాళ్ళు ఇచ్చింది తినొద్దనీ చెప్పాను. ఆగస్టులో ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. కాఫీ ఇచ్చాను, పేరూ ఇచ్చాను.

కథ చలికాలంలో అచ్చయింది. ఎప్పటిలానే అట్ట మీద సిగ్గు లేని బొమ్మ వేశారు, కథకీ దానికీ సంబంధమే లేదు. తరవాత వసంతంలో వచ్చిన సంచికలో మిస్ కెర్న్ కథ ఉంది. లెటీ ఆఫీసులో ఉండగా నేనే ముందు చదివాను. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఊళ్ళో ఒక ముసలావిడ, పెళ్ళీ పిల్లలూ లేనిది, ఊరగాయ సీసా కోసం నేలమాళిగలోకి దిగుతుంది. గచ్చు కింద తెడ్ల చప్పుడు వినిపిస్తుంది. రెండు జతల తెడ్లు, ఒకదాని వెంట ఒకటి, తొందర లేకుండా. ఏ కథలోనైనా అలాంటిచోట మనుషులు కేక పెట్టి పరిగెడతారు, లేదా గడ్డపార తెచ్చి గచ్చు తవ్వి చెడిపోతారు. ఆవిడ ఏమీ చేయలేదు. పిలవలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. పైకి వెళ్ళి ఊలు శాలువా తెచ్చుకుని, కింది మెట్టు మీద కూర్చుంది. తెడ్లు దగ్గరై, కిందుగా దాటి, దూరమై వినబడకుండా పోయేదాకా అలాగే కూర్చుంది. కథ అంతే.

మిస్ కెర్న్‌ని నేను చూడలేదు, చూస్తానని కూడా అనుకోను. ఎబెన్ ఎలా ఉంటాడో ఆవిడకి తెలియదు. కానీ నేను వెళ్ళలేని చోట, ఆవిడ వెళ్ళి నా కొడుకు దగ్గర కాసేపు కూర్చుంది.